ఏటా ఒకే నెలలో వెలిగే బ్లేజర్: ఒక గామా కిరణాల కేసు

నేపథ్యం

గామా కిరణాల్లో క్రియాశీల గెలాక్సీలను సర్వే చేసేవాళ్లకు ఒక్క సోర్సు (కిరణాలు వచ్చే వస్తువు) ముందు తీరిగ్గా కూర్చునే అవకాశం తక్కువ. క్యాటలాగులో వేల సోర్సులుంటాయి. ప్రోగ్రాం నడుస్తుంది, లైట్ కర్వులు (కాలంతో వెలుగు మారిన తీరు చూపే గ్రాఫులు) వస్తాయి, పరీక్ష పాసైన వాటిని పక్కకు తీస్తాం. ఈ కేసులో గణాంక పరీక్షలన్నీ పాసయ్యాయి. దొరికిన సంకేతం కూడా నిజమైనదే. కానీ అది ఆ గెలాక్సీది కాదు. బ్లేజర్లలో ఆవర్తనాల (సమాన కాలాల్లో తిరిగి వచ్చే మార్పుల) కోసం వెతుకులాట బాగా పెరిగిన ఈ రోజుల్లో ఇలాంటి చిక్కు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. అందుకే ఏ మెట్టు దగ్గర ఏం ఆలోచించామో వివరంగా రాస్తున్నాను. సోర్సు పేరు, ఆకాశంలో దాని స్థానం, దాని మీద పనిచేసిన విద్యార్థిని వివరాలు వదిలేశాను.

ఈ రంగానికి కొత్తవాళ్ల కోసం కొంచెం. కొన్ని గెలాక్సీల నడుమ కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉంటుంది. అది చుట్టూ ఉన్న పదార్థాన్ని మింగుతూ, కాంతివేగానికి దగ్గరగా రెండు వైపులా జెట్లను చిమ్ముతుంది. ఆ జెట్ మన వైపు తిరిగి ఉంటే దాన్ని బ్లేజర్ అంటాం. పాలపుంతను వదిలి చూస్తే గామా కిరణాల ఆకాశంలో కనిపించేవి చాలా మటుకు ఇవే. 1991లో వెళ్లిన కాంప్టన్ అబ్జర్వేటరీలోని ఈగ్రెట్ పరికరం తన మూడో క్యాటలాగులో 271 సోర్సులు ఇచ్చింది. వాటిలో సగానికి పైగా ఏమిటో అప్పట్లో తేలలేదు. 2007 ఏప్రిల్ 23న మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ8 మీద ఇటలీ వాళ్ల అజిలే వెళ్లింది. మరుసటి ఏడాది, 2008 జూన్ 11న, ఫెర్మి వెళ్లింది. ఫెర్మిలోని ల్యాట్ పరికరం మొదటి ఎనిమిదేళ్ల డేటాతో తయారైన నాలుగో క్యాటలాగులో 5,064 సోర్సులున్నాయి. 14 ఏళ్ల డేటాకు వచ్చేసరికి అవి 7,000 దాటాయి.

ల్యాట్ గురించి ఈ కేసుకు కావలసినవి రెండే సంగతులు. అది ఒకేసారి ఆకాశంలో ఐదో వంతును చూస్తుంది, సుమారు మూడు గంటల్లో ఆకాశమంతా చుట్టి వస్తుంది. సూర్యుడు ఎదురుగా ఉన్నా దానికి అడ్డు లేదు, చూస్తూనే ఉంటుంది. ఇక రెండోది దాని చూపు. తక్కువ శక్తి దగ్గర అది బాగా మసక. 100 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్, అంటే మేం వాడుకలో చెప్పే 100 ఎంఈవీ ఫోటాన్, ఏ దిక్కు నుంచి వచ్చిందో చెప్పడంలో 5 డిగ్రీల దాకా తేడా రావచ్చు. 1 జీఈవీ (1,000 ఎంఈవీ) దగ్గర ఈ తేడా 0.8 డిగ్రీలకు తగ్గుతుంది, 10 జీఈవీ దాటితే డిగ్రీలో పదో వంతు దగ్గరికి వస్తుంది. నిండు చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. దాంతో పోల్చుకుంటే 5 డిగ్రీలంటే ఎంతో అర్థమవుతుంది.

మన సోర్సు పాలపుంత తలానికి చాలా దూరంలో ఉంది. 100 ఎంఈవీ పైన దాని సగటు ఫ్లక్స్, అంటే మన దగ్గరికి చేరే వెలుగు, చదరపు సెంటీమీటరుకు సెకనుకు సుమారు 2×10⁻⁸ ఫోటాన్లు. అంటే ల్యాట్‌కు దాని నుంచి రోజుకు ఒకటో రెండో ఫోటాన్లు అందుతాయి, అంతే. క్యాటలాగులో దాని పక్కన "రకం తేలని బ్లేజర్" అని ఉంది. ఇదేమీ అరుదైన విషయం కాదు. నాలుగో క్యాటలాగు నుంచి తీసిన క్రియాశీల గెలాక్సీల జాబితాలో, పాలపుంత తలానికి 10 డిగ్రీల పైన ఉన్న 2,863లో 1,077 అలాంటివే. సర్వేలో మిగిలిపోయిన అసలు పని ఇదే అని నా అభిప్రాయం.

సమస్య

విద్యార్థిని ఇలాంటి మసక బ్లేజర్లకు 30 రోజుల బిన్లలో (కాలాన్ని కోసిన ముక్కల్లో) లైట్ కర్వులు తయారు చేస్తోంది. ఈ సోర్సుకు చాలా బిన్లలో గరిష్ఠ పరిమితి (ఇంతకు మించి ఉండదు అన్న హద్దు) తప్ప ఫ్లక్స్ విలువే రాలేదు. కానీ ఏడాదికొకసారి ఒక బిన్‌లో, కొన్నేళ్లలో పక్కపక్క రెండు బిన్లలో, ఫ్లక్స్ స్పష్టంగా పైకి లేస్తోంది. లాంబ్-స్కార్గల్ పీరియడోగ్రామ్ (మార్పు ఎంత కాలానికోసారి తిరిగి వస్తోందో వెతికే లెక్క) తీస్తే ఏడాది దగ్గర నిటారుగా ఒక శిఖరం. పైగా ఆ శిఖరాల ఎత్తు కూడా మెల్లగా మారుతోంది. 2009 దగ్గర ఎత్తుగా, 2014 చుట్టుపక్కల తక్కువగా, 2019-20 నాటికి మళ్లీ ఎత్తుగా.

ఉత్సాహపడడానికి కారణం ఉంది. పీజీ 1553+113 అనే బ్లేజర్‌లో సుమారు 2.2 ఏళ్ల ఆవర్తనం ఉన్నట్టుందని ఫెర్మి బృందం 2015లో ప్రకటించాక, గెలాక్సీ నడుమ ఒకటి కాదు రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయా అన్న ప్రశ్న ఈ రంగమంతా పాకింది. మన సోర్సులో కక్ష్య కాలం ఏడాది, దాని మీద పదేళ్ల నెమ్మది మార్పు అంటే చూడ్డానికి చక్కగా అమరిన కథే.

నాకు మొదట అనుమానం వచ్చింది ఆ అంకె మీదే. ఏడాది అన్నది భూమి కాలం. కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉన్న వస్తువుకు మన కేలండర్‌తో పని లేదు. అలాగని ఒక అంకె నచ్చలేదని సంకేతాన్ని కొట్టేయడం పద్ధతి కాదు. వేల బ్లేజర్లలో ఏదో ఒకటి యాదృచ్ఛికంగా ఏడాదికి దగ్గరగా రావచ్చు. ఏ కారణంతో కాదంటున్నామో చూపించగలగాలి.

ఏమేం చూశాం, ఏవి పనికి రాలేదు

ముందు పరికరాన్ని అనుమానించాం. ఫెర్మి కక్ష్య 53.4 రోజులకొకసారి తిరిగి అదే స్థితికి వస్తుంది, దాంతో ప్రతి దిక్కుకూ అందే ఎక్స్‌పోజర్ (ఆ దిక్కును ఎంతసేపు, ఎంత బాగా చూసింది అన్న కొలత) మారుతుంది. ఫ్లక్స్ లెక్కలో దీన్ని సరిచేస్తారు కానీ మసక సోర్సుల్లో కొంత మిగిలిపోవచ్చు. 53 రోజుల దగ్గర పీరియడోగ్రామ్‌లో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. 2018 మార్చిలో ఫెర్మి సౌర ఫలకాల్లో ఒకదాన్ని తిప్పే యంత్రం బిగుసుకుపోయింది, అప్పటి నుంచి అది ఆకాశాన్ని చూసే తీరు మారింది. డేటాను ఆ తేదీకి ముందు, తర్వాత అని రెండు ముక్కలు చేశాం. రెండింటిలోనూ అదే నెలలో అదే ఉబ్బు. కాబట్టి పరికరం కాదు.

తర్వాత గణాంకాలు. బ్లేజర్లు సహజంగానే మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంటాయి. అలాంటి ఊగిసలాటలో మూడు నాలుగు శిఖరాలు సమాన దూరంలో పడితే అది ఆవర్తనంలా భ్రమ కలిగిస్తుంది. అదే రకం ఊగిసలాటతో కృత్రిమ లైట్ కర్వులు వేల సంఖ్యలో చేసి పోల్చాం. అసలు శిఖరానికి దరిదాపుల్లోకి వచ్చినవి బహు కొద్ది. పరీక్ష పాస్. ఇక్కడే చాలామంది ఆగిపోయి పేపర్ రాయడం మొదలుపెడతారు. కానీ ఈ పరీక్ష అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది యాదృచ్ఛికంగా రాగలదా? ఈ ఫోటాన్లు ఎవరివి అన్న ప్రశ్న అది అడగదు, అడగలేదు.

ఆ రెండో ప్రశ్నకు మామూలుగా ఇతర టెలిస్కోపులు జవాబిస్తాయి. గామా కిరణాల్లో వెలిగిన నెలలో దృశ్యకాంతిలో, ఎక్స్ కిరణాల్లో కూడా వెలిగిందా అని చూస్తాం. ఆమె ఆకాశ సర్వేల పాత రికార్డులు తిరగేసింది. ఆ నెలల్లో ఒక్క పరిశీలన లేదు. స్విఫ్ట్ ఉపగ్రహం రికార్డులోనూ ఖాళీ. నేల మీద వర్షాకాలం అడ్డొచ్చిందేమో అనుకుంది. కానీ ఉత్తరార్ధం, దక్షిణార్ధం రెండు చోట్ల టెలిస్కోపులకూ, అంతరిక్షంలో ఉన్నదానికీ ఒకేసారి ఖాళీ రావడం వర్షం పని కాదు. ఈ ఖాళీనే మొదటి ఆధారంగా తీసుకోవాల్సిందని ఇప్పుడు ఎవరికైనా చెబుతాను. డేటా లేకపోవడం కూడా డేటానే.

శక్తి హద్దును 100 ఎంఈవీ నుంచి 1 జీఈవీకి పెంచి చూశాం. మసక తగ్గుతుంది కాబట్టి, ఫోటాన్లు పక్కనుంచి వచ్చినవైతే ఉబ్బు పోవాలి. ఉబ్బు తగ్గింది నిజమే, కానీ దాంతో పాటు సోర్సు కూడా కనుమరుగైంది. నెలకు మిగిలిన ఫోటాన్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటితో ఎటూ తేలలేదు.

సుమారు 3 డిగ్రీల దూరంలో మరో బ్లేజర్ ఉంది, మనదానికంటే బాగా ప్రకాశవంతమైనది. సహజంగానే అనుమానం దాని మీదికి పోయింది. అప్పటిదాకా ఫిట్‌లో (ఫోటాన్లను సోర్సుల మధ్య పంచే లెక్కలో) దాని ఫ్లక్స్ సగటు విలువ దగ్గర కదలకుండా ఉంది. దాన్ని ప్రతి బిన్‌లో మారనిస్తే మన ఉబ్బు అటు వెళ్లిపోతుందని అనుకున్నాం. ఫలితం వచ్చిన రోజు వారం సమావేశంలో ఆమె అంది: "సార్, ఉబ్బు అటు పోలేదు. రెండూ కలిసి పెరుగుతున్నాయి."

కేసు తిరిగింది ఇక్కడే. దగ్గర దగ్గరగా ఉన్న రెండు సోర్సుల మధ్య ఫోటాన్లను పంచేటప్పుడు ఫిట్ ఒకదానికి ఎక్కువ ఇస్తే రెండోదానికి తగ్గిస్తుంది. ఒకదాని ఫోటాన్లు రెండోదాని ఖాతాలో పడుతుంటే ఒకటి ఎక్కి మరొకటి దిగాలి. రెండూ ఒకే నెలలో ఎక్కాయంటే మూడో వస్తువు ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గెలాక్సీలు ఏటా ఒకే నెలలో వెలగవు కాబట్టి ఆ మూడోది మనకు దగ్గరిదై ఉండాలి.

ఏది తేల్చింది

సోర్సు స్థానాన్ని క్రాంతివృత్తం కొలతల్లోకి మార్చి చూస్తే, సూర్యుడు ఏటా నడిచే దారికి అది అంటుకున్నట్టే ఉంది. గురు మూఢం, శుక్ర మూఢం అని పంచాంగంలో రాస్తారు కదా, గ్రహం సూర్యుడికి మరీ దగ్గరగా వచ్చి కనిపించకుండా పోయే రోజులు. ఈ గెలాక్సీకీ ఏటా అలాంటి రోజులున్నాయి. దృశ్యకాంతి టెలిస్కోపులకు అప్పుడు అది పగటి ఆకాశంలో ఉంటుంది. స్విఫ్ట్ సూర్యుడికి సుమారు 46 డిగ్రీల లోపలికి తిరగదు. ఈ టెలిస్కోపులన్నిటికీ కళ్లు మూసుకుపోయే ఆ రోజుల్లోనూ ల్యాట్ చూస్తూనే ఉంటుంది.

సూర్యుడు గామా కిరణాలను ఇస్తాడు, అదీ ఏ జ్వాలా లేని ప్రశాంత సమయంలో కూడా. విశ్వకిరణాలు సూర్యుడి ఉపరితలాన్ని తాకినప్పుడు బింబం నుంచి కొన్ని వస్తాయి. విశ్వకిరణాల్లోని ఎలక్ట్రాన్లు సూర్యకాంతిని ఢీకొని ఆ కాంతికణాలను గామా కిరణాల స్థాయికి నెట్టడం వల్ల చుట్టూ 20 డిగ్రీల దాకా ఒక మసక వలయం ఏర్పడుతుంది. రెండూ కలిపి 100 ఎంఈవీ పైన ఫ్లక్స్ 10⁻⁶ స్థాయిలో ఉంటుంది, అంటే మన సోర్సుకు 50 రెట్లు. సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ నడుస్తాడు. ల్యాట్ మసక 5 డిగ్రీలు కాబట్టి, మన సోర్సు మీదుగా దాటడానికి అటూ ఇటూ కలిపి పది రోజులు పడుతుంది. 30 రోజుల బిన్‌లో పది రోజులు పక్కన 50 రెట్ల దీపం ఉంటే ఆ బిన్ పైకి లేవడంలో వింత లేదు.

శిఖరాల ఎత్తు ఎందుకు మారిందో కూడా దీంతోనే తెలిసింది. సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు అతని అయస్కాంత క్షేత్రం విశ్వకిరణాలను ఎక్కువగా అడ్డుకుంటుంది, గామా కిరణాలు తగ్గుతాయి. 2014లో సౌరచక్రం గరిష్ఠం, 2019 చివర కనిష్ఠం. విద్యార్థిని గీసిన పదేళ్ల నెమ్మది మార్పు సూర్యుడి 11 ఏళ్ల చక్రమే.

లెక్క కుదిరింది. అయినా కుదిరిన లెక్క రుజువు కాదు, అందుకే మూడు పరీక్షలు పెట్టాం. మొదటిది ఫోటాన్లను నేరుగా చూడడం. ప్రతి ఏటా సూర్యుడు సోర్సును దాటే రోజును సున్నాగా పెట్టుకుని, విద్యార్థిని అన్ని సంవత్సరాల ఫోటాన్లనూ ఆ రోజుకు అటూ ఇటూ రెండేసి రోజుల మ్యాపుల్లో పేర్చింది. మ్యాపులను వరసగా తిప్పుతుంటే ఒక గుంపు పడమటి అంచులో మొదలై రోజుకు డిగ్రీ చొప్పున తూర్పుకు జరుగుతూ, పక్క బ్లేజర్ మీదుగా, మూడు రోజుల తర్వాత మనదాని మీదుగా దాటి వెళ్లిపోయింది. గెలాక్సీలు నడవవు. చూస్తున్న మా అందరికీ సందేహం అక్కడే తీరింది.

రెండోది ఖాళీ చోటు పరీక్ష. క్రాంతివృత్తం మీదే, ఏ సోర్సూ లేని చోట ఒక కల్పిత సోర్సు పెట్టి అదే ప్రోగ్రాం నడిపాం. అక్కడా ఏడాదికొక ఉబ్బు వచ్చింది. ఆకాశానికి ఆవలి వైపు పెడితే ఉబ్బు సరిగ్గా ఆరు నెలలు జరిగింది. క్రాంతివృత్తానికి బాగా దూరంగా పెడితే ఏమీ రాలేదు.

మూడోదాంట్లో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. సూర్యుడు సోర్సుకు 20 డిగ్రీల లోపు ఉన్న సమయమంతా జీటీఎమ్‌కేటైమ్ అనే ఫెర్మి ఉపకరణంతో కోసేస్తే శిఖరం మాయమైంది. కానీ ఆ కోత వల్ల డేటాలో ఏడాదికొక ఖాళీ వస్తుంది. ఏడాదికొకసారి డేటా తీసేస్తే ఏడాది ఆవర్తనం పోవడంలో ఆశ్చర్యమేముంది? నిజంగా గెలాక్సీయే ఆ నెలలో వెలుగుతున్నా ఇలాగే పోయేది. అందుకని అంతే పొడవు కోతను కావాలని ఆరు నెలలు జరిపి పెట్టి చూశాం. శిఖరం చెక్కు చెదరలేదు. శిఖరం మాయమవడం కోత తాలూకు కల్పన కాదనీ, అది ఆ ఒక్క కిటికీలోని ఫోటాన్ల నుంచే వస్తోందనీ దీంతో తెలిసింది. ఇది ఒక్కటే సూర్యుణ్ణి రుజువు చేయదు. కానీ మొదటి రెండింటితో కలిస్తే ఇంకో దారి మిగలదు.

సరిదిద్దడం

కోత సులువైన మందు, కానీ ఖరీదైనది. ఏడాదిలో 40 రోజుల డేటా పోతుంది, ఖాళీలున్న లైట్ కర్వు మరో రకం తలనొప్పి. సూర్యుణ్ణి మోడల్‌లో పెట్టడం మేలనుకున్నాం.

మొదటి ప్రయత్నం విఫలమైంది, ఎందుకో తెలుసుకోవడం అవసరం. ల్యాట్ క్యాటలాగులు చేసేటప్పుడు సూర్యచంద్రుల వెలుగును మోడల్‌లో కలుపుతారు. అయితే అది అన్నేళ్ల మొత్తం కాలానికి సగటు. సూర్యుడి వెలుగు క్రాంతివృత్తం పొడవునా పట్టీలా పరుచుకుని ఉంటుంది. ఏళ్ల తరబడి డేటాను కలిపి చూసే క్యాటలాగుకు అది సరిపోతుంది. అదే పట్టీని 30 రోజుల బిన్లకు వాడితే, సూర్యుడు దగ్గరున్న నెలలో తక్కువ తీసేస్తుంది, లేని పదకొండు నెలల్లో అనవసరంగా తీసేస్తుంది. ఉబ్బు కొంచెం తగ్గి, మిగతా బిన్లు కిందికి దిగాయి. ఆవర్తనం అలాగే ఉంది.

పనిచేసింది ఏమిటంటే ప్రతి బిన్‌కూ, ఆ బిన్‌లో సూర్యుడు ఏ రోజు ఎక్కడ ఉన్నాడు, ఆ రోజు ఎంత ఎక్స్‌పోజర్ అందింది అన్న లెక్కతో విడిగా టెంప్లేట్ (సూర్యుడి వెలుగు పరుచుకున్న తీరు చూపే మ్యాపు) చేయడం. ఫెర్మి ఉపకరణాల్లో దీనికి జీటీసన్‌టెంప్ ఉంది. ఓపిక కావాలి, కంప్యూటర్ సమయం కావాలి, అంతకు మించి కష్టం కాదు. సౌరచక్రం వల్ల వెలుగు మారుతుంది కాబట్టి, సూర్యుడు దగ్గరున్న బిన్లలో టెంప్లేట్ బలాన్ని ఫిట్‌కే వదిలేశాం. పెద్ద సౌర జ్వాలల సమయాలను మాత్రం పూర్తిగా తీసేశాం. 2012 మార్చి 7 నాటి జ్వాల తర్వాత సూర్యుడు ల్యాట్‌కు దాదాపు 20 గంటలు వెలుగుతూనే ఉన్నాడు. అలాంటివాటిని ఏ ప్రశాంత మోడలూ పట్టలేదు.

ఏడాది శిఖరం పోయింది. దాని నీడన దాక్కున్న మరో చిన్న శిఖరం 306 రోజుల దగ్గర బయటపడింది. ఇది చంద్రుడు. గామా కిరణాల్లో చంద్రుడి వెలుగూ 10⁻⁶ స్థాయిలోనే ఉంటుంది, కానీ రోజుకు 13 డిగ్రీలు నడుస్తాడు కాబట్టి సోర్సు పక్కన ముప్పావు రోజే ఉంటాడు. 27.32 రోజులకొకసారి వస్తాడు. బిన్ 30 రోజులైనప్పుడు ప్రతి బిన్‌లోనూ ఒకసారి వస్తాడు, సుమారు పది బిన్లకొకసారి మాత్రం ఒకే బిన్‌లో రెండుసార్లు వస్తాడు. ఆ కలయిక కాలం లెక్కేస్తే 306 రోజులే. బిన్ పొడవును 27.3 రోజులకు మారిస్తే ఆ శిఖరమూ పోయింది. ఈ ముక్క విద్యార్థిని సొంతంగా పట్టుకుంది. ఇంత చక్కటి తర్కం చూసి నాకు చాలా సంతోషం వేసింది.

ఏం మిగిలింది, ఏం నేర్చుకోవచ్చు

జంట కృష్ణబిలాల కథ పోయింది కానీ చేతికి ఖాళీ మిగల్లేదు. సూర్యుడి వెలుగు ఎక్కువగా తక్కువ శక్తి దగ్గరే ఉంటుంది. అది కలిసినన్నాళ్లూ మన సోర్సు స్పెక్ట్రమ్ మెత్తగా (తక్కువ శక్తి ఫోటాన్లు ఎక్కువగా), బ్లేజర్లలో ఒక రకమైన ఫ్లాట్ స్పెక్ట్రమ్ క్వేజార్‌లా కనిపించింది. దాన్ని వేరు చేశాక స్పెక్ట్రమ్ గట్టిపడి బ్లేజర్లలో మరో రకమైన బీఎల్ లాసెర్టే వైపు జరిగింది. రకం తేలని బ్లేజర్లను స్పెక్ట్రమ్ వాలు చూసి యంత్రాభ్యాస ప్రోగ్రాములు విడదీస్తున్న కాలంలో ఇది చిన్న విషయం కాదు. క్రాంతివృత్తం పొడవునా ఉన్న మసక బ్లేజర్లన్నీ ఒకే వైపుకు కొద్దిగా వంగి ఉంటే, ఆ వంపునే ప్రోగ్రాం నేర్చుకుంటుంది.

ఇంకోటి: శుభ్రం చేసిన లైట్ కర్వులో, సూర్యుడు ఎక్కడో దూరాన ఉన్న కాలంలో, ఒకే ఒక్క ఫ్లేర్ (హఠాత్తుగా పెరిగిన వెలుగు) నిలబడింది. దృశ్యకాంతిలోనూ అప్పుడు సోర్సు ప్రకాశం పెరిగింది. ముందు ఏటా వచ్చే ఉబ్బుల మధ్య దాన్ని ఎవరూ గమనించలేదు. ఆ గెలాక్సీ నిజంగా చెప్పిన మాట అదొక్కటే.

ఈ చిక్కు ప్రకాశవంతమైన బ్లేజర్లకు అంతగా రాదు. 3సీ 279 అనే బ్లేజర్‌నే తీసుకోండి, ఏటా అక్టోబర్ 8న సూర్యుడు దాన్ని కప్పేస్తాడు కూడా. కానీ అది విజృంభించినప్పుడు సూర్యుడి వాటా లెక్కలోకి రాదు. కాబట్టి క్రాంతివృత్తానికి ఎంత దూరం అన్నదొక్కటే చూస్తే చాలదు, సోర్సు ఎంత మసక అన్నది కూడా చూడాలి. మేం ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది. క్రాంతివృత్తానికి 10 డిగ్రీల లోపు ఉండి, సగటు ఫ్లక్స్ 10⁻⁷ లోపు ఉన్న ప్రతి సోర్సుకూ పీరియడోగ్రామ్ కంటే ముందు బిన్‌వారీ సూర్యచంద్ర టెంప్లేట్ చేస్తాం, ఖాళీ చోటు పరీక్ష నడుపుతాం. ఉబ్బు వచ్చిన తేదీల పక్కన సూర్యుడి దూరాన్ని ఒక కాలమ్‌లో రాస్తాం. ఆ కాలమ్ రాయడానికి పట్టే సమయం ఒక పూట.

తేలనిది ఒకటుంది. సౌరచక్రం కనిష్ఠంలో ఉన్న ఏళ్లలో సూర్యుడి వలయం, మన సోర్సు 300 ఎంఈవీ లోపల ఒకదాన్నుంచి ఒకటి సరిగ్గా విడిపోవడం లేదు. టెంప్లేట్ బలాన్ని వదిలేస్తే సోర్సు విలువ దోషం పెరుగుతుంది, బిగిస్తే ఉబ్బు ఛాయ మిగులుతుంది. ప్రస్తుతానికి ఆ బిన్లకు 300 ఎంఈవీ పైన విలువలే ఇస్తున్నాం, ఆ సంగతి పట్టికలోనే రాస్తున్నాం.